ఈ పొద్దు ఎవరి పుట్టినరోజు?

నేను రిటైరైన రోజు మా సంస్థ కార్యదర్శి గారు నాకు శాలువా కప్పి, పండ్లబుట్ట చేతిలో పెట్టి, "అనాథల పాలిట అమ్మ" అని మైకులో పొగిడారు. అంతకు వారం ముందే ఆయన నన్ను "నోటిదురుసు మనిషి" అని పై అధికారి దగ్గర చెప్పి వచ్చారు. రెండింటిలో మొదటిది మర్యాదకు అన్న మాట, రెండోది నిజం. ఈ రాసేది కూడా ఆ నోటితోనే రాస్తున్నాను.

నంద్యాలలో ఒక ట్రస్టు నడిపే పిల్లల గృహంలో సోషల్ వర్కరుగా నా ఉద్యోగమంతా గడిచింది. ఉండేది ఆళ్ళగడ్డలో. రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. ఇప్పుడు ఈ పనిలో కొత్తగా చేరినవాళ్ళు అప్పుడప్పుడూ ఇంటికొచ్చి, "మేడం, ఈ ఉద్యోగానికి ముఖ్యంగా ఏం కావాలి?" అని అడుగుతుంటారు. పిల్లల మీద ప్రేమ కావాలని చెబుతానని వాళ్ళ ఆశ. పిల్లల మీద ప్రేమ లేనివాళ్ళను నేను పెద్దగా చూడలేదు. ఊరు ఊరంతా ప్రేమే. ఆ ప్రేమ నుంచి పిల్లలను కాపాడటమే మన ఉద్యోగం. నమ్మకం కలగకపోతే ఓబుళమ్మ సంగతి వినండి.

లైనులో నిలబడండి

మన నంద్యాలలో ఒక మంచి అలవాటుంది. ఎవరిదైనా పుట్టినరోజు వస్తే, పెళ్ళిరోజు వస్తే, అభిమాన నాయకుడిది వస్తే, పెద్ద కేకు పట్టుకుని పిల్లల గృహానికి వస్తారు. రైసుమిల్లుల వాళ్ళు, రియల్ ఎస్టేటు వాళ్ళు, పార్టీల వాళ్ళు, ఎవరికీ మినహాయింపు లేదు. ఒక్కోరోజు పొద్దున ఒక పుట్టినరోజు, సాయంత్రం ఇంకొకటి. పిల్లలు క్రీము కేకు తిని తిని అన్నం దగ్గర మొహం తిప్పుకునేవాళ్ళు.

కార్యక్రమం ఎప్పుడూ ఒకటే. పిల్లలను ఎత్తు ప్రకారం నిలబెడతాం. పాట పాడిస్తాం. దాత కేకు కోసి, ముందు నిలబడిన పాప నోట్లో ఒక ముక్క పెడతాడు. ఫోటో. ఒకాయన ఫోటో సరిగ్గా రాలేదని, పాప నోటి దగ్గరున్న ముక్కను వెనక్కి లాక్కుని మళ్ళీ పెట్టాడు. తరువాత పిల్లలంతా చేతులు జోడించి, "థాంక్యూ సార్, మీరు నూరేండ్లు సల్లగుండల్ల" అనాలి. అంతటితో దాతలు కార్లెక్కి పోతారు. మళ్ళీ ఏడాది దాకా కనబడరు.

పిల్లలు పిచ్చివాళ్ళు కాదు. ఈ లోకం తీరు వాళ్ళకు త్వరగానే అర్థమైంది. వచ్చినవాళ్ళ మొహాలు చూసేవాళ్ళు కాదు, గడప దగ్గర విడిచిన చెప్పులు చూసేవాళ్ళు. మెరిసే బూట్లయితే కేకు. మామూలు చెప్పులయితే అరటిపండ్లు. అరిగిన చెప్పులయితే ఆ మనిషి మనసారా కూర్చుని మాట్లాడతాడు గానీ తినడానికేమీ ఉండదు. గడప దగ్గర చెప్పులు మాయమయ్యాయంటే ఆ మనిషి కథ ముగిసినట్టే. ఏ పిల్లా అందుకు ఏడ్చేది కాదు. ఏడవకపోవడం చూసి కార్యదర్శి గారు, "మన పిల్లలకు ఎంత క్రమశిక్షణో చూడండి" అని వచ్చినవాళ్ళకు గొప్పగా చెప్పుకునేవారు.

కులమేందో కనుక్కున్యారా?

ఓబుళమ్మ అహోబిలం నుంచి ఆళ్ళగడ్డ వచ్చే బస్సులో సీటు మీద నిద్రపోతూ దొరికింది. అప్పటికి సరిగ్గా మాటలు కూడా రాలేదు. కండక్టరు పోలీసులకు అప్పగిస్తూ, స్వామి కొండ నుంచి వచ్చింది కాబట్టి ఓబుళమ్మ అన్నాడు. ఎంత వెతికినా, ఎంత ప్రకటించినా, ఆమె కోసం ఎవరూ రాలేదు. ఒక పాదం లోపలికి తిరిగి ఉండేది. ఆపరేషన్ చేయించాక నడక బాగుపడింది గానీ కొద్దిగా కుంటు మిగిలింది.

దత్తతకు పేరు నమోదు చేసుకున్న మనవాళ్ళు పాప వివరాలు చూసి వచ్చేవాళ్ళు. "మాకు ఏ పాపైనా పర్వాలేదు మేడం" అనేవాళ్ళు. ఆ మాట అన్నవాళ్ళతో జాగ్రత్తగా ఉండండి. వాళ్ళు మనసులో పెద్ద జాబితానే పెట్టుకుని వస్తారు. రంగు కాస్త తెల్లగుండాలి. కాలు బాగుండాలి. వయసు తక్కువ ఉండాలి. ఒక భార్యాభర్తలు పాపను వరండాలో అటూ ఇటూ నడిపించి చూశారు. ఎద్దులు కొనేవాళ్ళు కూడా పళ్ళు చూసి ఊరుకుంటారు.

ఆ భర్త నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, "కులమేందో కనుక్కున్యారా మేడం?" అన్నాడు.

"బస్సులో దొరికింది కదప్పా. ఆర్టీసీ కులం" అన్నాను.

ఆయనకు నవ్వు రాలేదు. ఇంట్లో పెద్దోళ్ళను అడిగి చెప్తామని పోయారు. వాళ్ళింట్లో పెద్దోళ్ళు ఇంకా ఆలోచిస్తున్నట్టున్నారు.

ఇట్లా ఇక్కడెవరూ తీసుకోక, ఓబుళమ్మ వివరాలు విదేశాల వాళ్ళకు పోయాయి. ఇటలీ నుంచి ఒక జంట ఒప్పుకుంది. ఆ సంగతి తెలియగానే ఒక స్థానిక నాయకుడు అనుచరులతో వచ్చి, "మన బిడ్డను తెల్లోళ్ళకు ఇస్తారా? మన సంస్కృతి ఏం కావల్ల?" అని గొంతు చించుకున్నాడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కుతినా తిననివ్వదు అంటారే, అది. "సరేన్నా, నువ్వే తీసుకపో. ఈ పొద్దే దరఖాస్తు పెడదాం" అన్నాను. ఆయన గడియారం చూసుకుని, ఎక్కడో సంతాపసభ ఉందని వెళ్ళిపోయాడు.

విదేశీ ప్రముఖులు

ఆ జంట పేర్లు పావోలో, మార్తా. పావోలో వాళ్ళ ఊళ్ళో సిటీబస్సు డ్రైవరు. మార్తా పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలు. పెద్ద అనుమతులన్నీ వచ్చాయి. రెండు పనులు మాత్రం మిగిలాయి. బాలల సంక్షేమ కమిటీ ముందు పాప నోటితో ఒప్పుకోవాలి. ఆ తరువాత జిల్లా అధికారి ఉత్తర్వు రావాలి. ఈలోగా పాపకు దగ్గరవుదామని ఇద్దరూ సెలవు పెట్టి నంద్యాల వచ్చారు. లాడ్జిలో దిగి మాకు ఫోన్ చేశారు.

ఆ ఫోను కార్యదర్శి గారు ఎత్తడమే పొరపాటయింది. మరుసటి రోజు పొద్దునకల్లా గేటు మీద ఫ్లెక్సీ కట్టారు. "విదేశీ ప్రముఖులకు, ఇటలీ పారిశ్రామికవేత్తలకు స్వాగతం" అని. మధ్యలో కార్యదర్శి గారు నిలువెత్తున ఉన్నారు. మూలన తపాలాబిళ్ళంత ఓబుళమ్మ ఫోటో ఉంది. పిల్లల ఫోటో బయట పెట్టడం చట్టం ఒప్పుకోదని నేను గొడవ చేస్తే, పాప మొహం మీద గులాబీ పువ్వు అతికించారు. కార్యదర్శి గారి ఫోటో విషయంలో చట్టం ఏమీ అనలేదు.

"పాపను వాళ్ళ దగ్గర ఒంటరిగా కూర్చోబెడదాం సార్. సభలొద్దు" అన్నాను.

"బలే చెప్తావ్ మేడం! అంత దూరం నుంచి వచ్చినోళ్ళకి మర్యాద చేయొద్దా?" అన్నారు.

చేశారు మర్యాద. పిల్లలను ఎత్తు ప్రకారం నిలబెట్టారు. ఓబుళమ్మకు గుచ్చుకునే లేసు గౌను తొడిగి, పౌడరు పూసి ముందు నిలబెట్టారు. కేకు తెచ్చారు. పావోలోకు శాలువా, మార్తాకు గజమాల. ఆ మాల బరువుకు ఆమె మెడ వంగిపోయింది. కార్యదర్శి గారు తన సేవల గురించి తాను మాట్లాడుతూ ఉండగా మార్తా కళ్ళు పాప మీద నుంచి కదల్లేదు.

ప్రసంగం అయ్యీ కాకముందే ఆమె మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ చాచింది. ఓబుళమ్మ ముందుకు వచ్చింది. చేతులు జోడించి, "థాంక్యూ సార్, థాంక్యూ మేడం, మీరు నూరేండ్లు సల్లగుండల్ల" అని ఒక్క తప్పు లేకుండా చెప్పి, వెనక్కి తిరిగి, కుంటుకుంటూ తన వరుసలోకి పోయి నిలబడింది. మార్తా చేతులు అట్లాగే ఉండిపోయాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

మరుసటి రోజు వాళ్ళు ఊరికే, బొమ్మ ఒకటి పట్టుకుని వచ్చారు. ఓబుళమ్మ మా ఆయా ఖాసీంబీ కొంగు లాగి అడిగింది. "మల్లా వచ్చినారేంది? ఈ పొద్దు ఎవురి పుట్టినరోజు?"

ఖాసీంబీ ఎందరో పిల్లలను చంటిబిడ్డలుగా ఉన్నప్పటి నుంచీ పెంచిన మనిషి. "పుట్టినరోజు కాదే పిచ్చిదానా, వాళ్ళు మీ అమ్మ, మీ నాయన" అంది.

ఓబుళమ్మ ఆ మాట విని తల ఊపింది. ఊపి, పోయి వాళ్ళ ముందు నిలబడి పుట్టినరోజు పాట మొదలుపెట్టింది. పావోలో నవ్వబోయి, ఆగిపోయి, గోడ వైపు తిరిగాడు.

దాతలు

కమిటీ ముందుకు పోయే రోజు వచ్చింది. అధ్యక్షురాలు మంచి మనిషి. పాపను దగ్గరికి పిలిచి, "వీళ్ళెవరో తెలుసా అమ్మా?" అని అడిగింది.

"దాతలు" అంది ఓబుళమ్మ.

"వీళ్ళతో పోయి వాళ్ళింట్లో ఉంటావా?"

పాపకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. దాతలు పోతారు, పిల్లలు ఉంటారు. చేతులు జోడించి థాంక్యూ సార్ మొదలుపెట్టింది. అధ్యక్షురాలు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "పాప ఒప్పుకున్నట్టు నేనెట్లా అనుకోవాలి? ఇంకోసారి చూద్దాం" అంది.

ఇందులో ఏముందని మీరు అనుకోవచ్చు. పాప ఒప్పుకోకపోతే అక్కడితో ఆగిపోతుంది. వయసు పెరిగిన, కుంటుతూ నడిచే పిల్లను ఇంకొకరు అడుగుతారన్న ఆశ నాకు లేదు. పెద్దదయ్యేదాకా గులాబీ పువ్వు వెనక నిలబడి ఊరివాళ్ళ పుట్టినరోజులకు పాడుకుంటూ ఉండాల్సిందే. అటు వాళ్ళ సెలవు కరిగిపోతోంది.

కార్యదర్శి గారి దగ్గర దీనికి ఉపాయం ఉంది. "రిహార్సల్ చేయిద్దాం మేడం. మా అమ్మ, మా నాన్న అని బాగా బట్టీ పట్టిస్తే సరి. మన పిల్లలకు ఏదైనా ఇట్టే వస్తాది" అన్నారు. ఆయన చెప్పిందీ నిజమే. ఏది నేర్పినా ఇట్టే వస్తుంది. అదే కదా వచ్చిన చిక్కు.

నేను ఆయనకు చెప్పకుండా పోయి అధ్యక్షురాలిని అడిగాను. నా బాధ్యత మీద పాపనూ ఆ ఇద్దరినీ కొద్దిరోజులు ఆళ్ళగడ్డలో మా ఇంట్లో ఉంచుకుంటానన్నాను. ఆమె అనుమతి ఇచ్చింది. కార్యదర్శి గారు నన్ను నోటిదురుసు మనిషి అనడం ఆనాడే మొదలైంది.

ఆళ్ళగడ్డలో ఒక బూటు

మా వీధిలో శిల్పాలు చెక్కేవాళ్ళుంటారు. పొద్దున లేచింది మొదలు ఉలిదెబ్బలే. ఆరేసిన బట్టల మీద రాతిదుమ్ము. అక్కడ ఎవరు వచ్చినా, పోయినా తలెత్తి చూసే తీరిక ఎవరికీ లేదు. నాకు కావలసిందీ అదే. కేకు లేదు, కెమెరా లేదు, పాట లేదు అని ముందే చెప్పేశాను. పావోలో ఇంగ్లీషూ, నా ఇంగ్లీషూ రెండూ అరకొరవే కాబట్టి మాకు బాగా కుదిరింది.

మొదటి పూట ఓబుళమ్మ ప్రతి వడ్డనకూ దండం పెట్టింది. నేను చూడనట్టు ఊరుకున్నాను. పావోలో బొరుగుల ఉగ్గానితో పెట్టిన మిరపకాయ బజ్జీ కొరికి, కళ్ళ నీళ్ళు కారుస్తూ నీళ్ళ చెంబు కోసం తడుముకుంటుంటే పాపకు నవ్వొచ్చింది. నవ్వి, తప్పు చేసినట్టు నోరు మూసుకుంది.

సాయంత్రం పోయి గడప మీద కూర్చుంది. లేవదు.

"ఈడేం జేస్తాండావ్?" అన్నాను.

"వాళ్ళు పోయేటప్పుడు టాటా చెప్పల్ల గదా."

వాళ్ళు పోలేదు. చీకటి పడేదాకా చెప్పుల కాపలా కాసి, గడప మీదే నిద్రపోయింది. పావోలో ఎత్తుకుని లోపల పడుకోబెట్టాడు. తెల్లవారగానే లేచి వాకిలికి పరిగెత్తింది. బూట్లు అక్కడే ఉన్నాయి. వంగి, వేలితో తాకి చూసింది.

మరుసటి రోజు పావోలో మన బస్టాండు చూస్తానన్నాడు. డ్రైవరు మనిషి, ఆ గుంతల్లో మనవాళ్ళు బస్సు ఎట్లా తిప్పుతారో చూడాలని ఆశ. వాకిట్లోకి పోతే ఒక బూటే ఉంది. ఇల్లంతా వెతికాం. ఓబుళమ్మ మాత్రం పెరట్లో బోర్లించిన గంప మీద కూర్చుని, దోసె ఇస్తామన్నా లేవలేదు.

"ఏమే, లెయ్యి" అన్నాను.

"నేను లెయ్యను."

"బూటు యాడుందో తెలుసా?"

"తెల్దు." మొహం ఎర్రగా చేసుకుని, "బూటుంటే ఆయప్ప పోతాడు" అంది.

ఆ మాటను పావోలోకు నా ఇంగ్లీషులో చెప్పడానికి చాలాసేపు పట్టింది. అర్థమయ్యాక ఆ పెద్ద మనిషి మెట్టు మీద కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. గంప ఎత్తనివ్వలేదు. ఉండనీ అన్నాడు. నా పాత రబ్బరు చెప్పుల్లో ముందరి వేళ్ళు ఇరికించుకుని బజారుకు పోయాడు.

ఓబుళమ్మ ఇది అనుకోలేదు. బూటు లేకుండా కూడా మనిషి పోగలడని ఆమెకు తెలియదు. గంప దిగి వాకిట్లోకి వచ్చింది, వీధి చివరిదాకా చూసింది, మార్తా దగ్గరికి పోయి ఆమె ఉందో లేదో చూసుకుంది, మళ్ళీ వాకిట్లోకి వచ్చింది. పావోలో కొత్త హవాయి చెప్పులతో, అరటిపండ్లతో వీధి మలుపు తిరిగేసరికి ఎదురు పరిగెత్తింది. దండం పెట్టలేదు. తొడ మీద పిడికిలితో గుద్దింది.

"సెప్పకుండా యాడికి పోయినావ్? ఆఁ? యాడికి పోయినావ్?"

దాతలను ఎవరూ గుద్దరు. నేను లోపలికి పోయి, తరిగే ఉల్లిగడ్డలేమీ లేకున్నా కళ్ళు తుడుచుకున్నాను.

ఒప్పుదల

ఈసారి కమిటీలో అధ్యక్షురాలు అదే ప్రశ్న వేసింది. "వీళ్ళతో పోతావా అమ్మా?"

ఓబుళమ్మ ఆమెను జాలిగా చూసింది. "ఆయప్ప బూటు నాకాడుంది. నన్నిడిసిపెట్టి ఎట్ల పోతాడు?" అంది.

అధ్యక్షురాలు పాప ఒప్పుకుందని రాసుకుంది. ఇక జిల్లా ఉత్తర్వు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడని ఊరికే అనలేదు. పెద్దాయన సంతకానికి సిద్ధంగానే ఉన్నాడట. కాగితం ఆయన దాకా పోవాలంటే దాటాల్సిన సీటులో ఒకాయనకు బదిలీ అయింది, వచ్చినాయనకు ఇంట్లో పెళ్ళి. కొత్తగా చేరినవాళ్ళు గుర్తుంచుకోండి. ఇట్లాంటి చోట కోపం పనికిరాదు, ఉత్తరాలు పనికిరావు. రోజూ పోయి, ఎదురుగా కుర్చీలో కూర్చుని, ఏమీ మాట్లాడకుండా చూస్తూ ఉండాలి. నేను రోజూ పోయి కూర్చున్నాను. అయినా వాళ్ళ సెలవు ముందు అయిపోయింది.

పోయే రోజు పావోలో గంప కింది బూటు అడగలేదు. రెండో బూటును సంచిలో పెట్టుకుని, ఆళ్ళగడ్డ హవాయి చెప్పులతో విమానమెక్కాడు. వాళ్ళ ఊళ్ళో అప్పుడు మంచు కురుస్తోందని మార్తా చెప్పింది. ఓబుళమ్మ ఏడ్చింది. మా గృహంలో వచ్చినవాళ్ళు పోతుంటే ఒక పిల్ల ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. కార్యదర్శి గారు క్రమశిక్షణ తప్పిందన్నారు.

ఆ బూటును పాప గృహానికి తెచ్చుకుని, తల దగ్గర పెట్టుకుని పడుకునేది. ఫోనులో వాళ్ళు కనబడినప్పుడల్లా ముందు బూటు చూపించేది. దరిద్రం, అవతల పారెయ్యమని కార్యదర్శి గారు చెబితే ఖాసీంబీ సరేనని, ఉతికి మిద్దె మీద ఎండబెట్టి, మళ్ళీ తెచ్చి అక్కడే పెట్టింది. మధ్యలో పుట్టినరోజులు వస్తూనే ఉన్నాయి. ఓబుళమ్మ వరుసలో నిలబడేది, పాడేది, కేకు తినేది. దాతలు వేరు, తనవాళ్ళు వేరు అని ఆ పిల్లకు తెలిసిపోయింది.

మర్యాద

చివరికి ఉత్తర్వు వచ్చింది. వాళ్ళూ వచ్చారు. మళ్ళీ ఫ్లెక్సీ, మళ్ళీ కేకు, మళ్ళీ మైకు. ఈసారి నేను గొడవ చేయలేదు. అవసరం లేదనిపించింది.

పిల్లలను ఎత్తు ప్రకారం నిలబెట్టారు. కార్యదర్శి గారు "దేశం గర్వించదగ్గ ఈ శుభదినాన" అని మొదలుపెట్టారు. పావోలో, మార్తా గేటు దాటి లోపలికి వచ్చారు. ఓబుళమ్మ వరుసలో నుంచి బయటికి వచ్చింది. వెనక దాచుకున్న బూటు తీసి, కుంటుకుంటూ సభ మధ్య నుంచి నడిచి పోయి, పావోలో పాదాల ముందు టప్పున పడేసింది.

"యేసుకో. పోదాం పా" అంది.

పావోలో సంచిలో నుంచి రెండో బూటు తీశాడు. అక్కడే నేల మీద కూర్చుని రెండూ తొడుక్కున్నాడు. పాప తాళ్ళు సరిగ్గా కట్టుకున్నాడో లేదో నడుము మీద చేతులు పెట్టుకుని చూసింది. తరువాత ఒకరి చేయి ఇటు, ఒకరి చేయి అటు పట్టుకుని గేటు వైపు లాగింది.

"పాపా, నమస్కారం పెట్టు! కేకు కొయ్యల్ల, ఫోటో దిగల్ల!" అని కార్యదర్శి గారు మైకులో అరిచారు. ఓబుళమ్మ వెనక్కి కూడా చూడలేదు.

ఆయన మైకు పక్కన పెట్టి నా వైపు తిరిగారు. "ఇదేంది మేడం, ఇన్నేండ్లుండి పాపకు రవ్వంత మర్యాద నేర్పల్యా?"

"నేర్పినాం సార్. ఇప్పుడే మర్చిపోయింది" అన్నాను.